సెల్లారు గోడలకు వాల్‌పేపర్ తీసేశాం: ఎగుడుదిగుడు గోడను రంగుకు సిద్ధం చేయడం ఎట్లా?

సెల్లారు_నల్లగొండ | ఏప్రిల్ 6

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్లగొండ పట్టణంలో 2004లో కట్టిన ఇల్లు. సగం భూమిలోకి, సగం పైకి ఉండే సెల్లారు గది ఒకటి ఉంది. 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. 2018లో దానికి నాలుగు వైపులా వాల్‌పేపర్ అంటించాం. వచ్చే బడి సంవత్సరం నుంచి మా ఇంటావిడ ఆ గదిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పాలనుకుంటోంది. కాగితం అక్కడక్కడా ఉబ్బి, వెనుక నుంచి ముక్క వాసన వస్తుండడంతో పోయిన వారమంతా కూర్చుని మొత్తం పీకేశాం.

పీకిన తర్వాత బయటపడిన గోడను చూసి గుండె జారిపోయింది. కొన్ని చోట్ల పై పొర మాత్రమే ఊడి వచ్చి, కింది పలుచని కాగితం గోడకే ఉండిపోయింది. కొన్ని చోట్ల కాగితంతో పాటు లప్పం (పుట్టీ) కూడా పెచ్చులుగా లేచి గిలాబు (సిమెంటు ప్లాస్టరు) కనబడుతోంది. మిగిలిన చోట బంక ఎండి మెరుస్తోంది. ఇది చాలదన్నట్టు గోడే ఎగుడుదిగుడుగా ఉంది. పడమటి గోడ మధ్యలో కడుపు ఉబ్బినట్టు ముందుకు వచ్చింది. ఇన్నాళ్లూ పూల డిజైను దాన్ని దాచిపెట్టింది. అదే గోడకు అడుగున మోకాలెత్తు వరకు తెల్లటి పొడి పూసింది.

రంగుల పనివారు ఒకరు వచ్చి, మూడు పూతలు లప్పం దట్టంగా పెడితే అద్దంలా వస్తుందన్నారు. ఇంకొకరు గిలాబు మొత్తం కొట్టేయాల్సిందే అన్నారు. ఇద్దరూ గోడను చేతితో తాకకుండానే చెప్పారు. ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి?

రంగులపని_మిర్యాలగూడ | ఏప్రిల్ 6

సోదరా, లప్పం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు బంక సంగతి తేల్చండి. వాల్‌పేపర్ తీసిన గోడ మీద పనులు చెడిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఎగుడుదిగుడు కాదు, కడగకుండా వదిలేసిన బంక. ఎండినప్పుడు అది గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. దాని మీద తడి లప్పం పడగానే మళ్లీ నాని జిగురవుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటూ లప్పాన్ని గోడ నుంచి ఎత్తేస్తుంది.

మెడికల్ షాపులో దొరికే టించర్ అయోడిన్ నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి, దూదితో గోడకు అద్దండి. నీలం నలుపుగా మారితే అది పిండి బంక. గోడపత్రికలు అంటించే మైదా బంక జాతిది. దానికి వేడినీళ్లు మంచివి. రంగు మారకపోతే మిథైల్ సెల్యులోజ్ రకం కావచ్చు. ఆ పదార్థం చల్లటి నీళ్లలో కరుగుతుంది, వేడికి గడ్డకడుతుంది. అందరూ మరిగే నీళ్లే పోయమంటారు గానీ, ఆ బంకకు మామూలు కుళాయి నీళ్లే మేలు. వెనుక కాగితం ఒలిచి అంటించే స్టిక్కర్ రకమైతే ఏ నీళ్లకూ లొంగదు; హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, మెత్తబడగానే పట్టీతో గీకాలి. థిన్నర్ జోలికి మాత్రం వెళ్లకండి. గాలి ఆడని సెల్లారులో దాని వాసన మనిషిని పడగొడుతుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది.

నీళ్లతో పని మొదలుపెట్టే ముందు ఆ గదికి కరెంటు కట్ చేయండి. గోడను స్పాంజితో తడిపి పది నిమిషాలు ఆగండి, వెడల్పు పట్టీని వాల్చి పట్టుకుని గీకండి, మళ్లీ తడపండి. బకెట్లో నీళ్లు చిక్కబడగానే మార్చకపోతే అదే బంకను గోడంతా పులిమినట్టవుతుంది. తడి చెయ్యి పెట్టి రుద్దినప్పుడు జారుడు లేకుండా గరుకుగా తగిలితే కడుగుడు అయినట్టు.

కొత్తచేరిక_22 | ఏప్రిల్ 7

ఇంత శ్రమ దేనికండీ? పీవీసీ ప్యానెళ్లు బిగిస్తే రెండు రోజుల్లో గది తయారవుతుంది, ఎగుడుదిగుడు కూడా కనబడదు.

పాలమూరు_మేస్త్రి | ఏప్రిల్ 7

వాల్‌పేపర్ చేసింది కూడా అదే కదా బాబూ, కనబడకుండా చేసింది. ఆ తెల్లటి పొడిని ప్యానెల్ వెనుక పెట్టి మూస్తే ఆరేళ్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ అడగాల్సి వస్తుంది.

నల్లగొండ తమ్ముడికి నా మాట ఏమంటే, ఒక్క లప్పం సంచి కూడా ఇప్పుడే కొనవద్దు. నేను ముప్పై ఏళ్లుగా గిలాబు పని చేస్తున్నాను. గోడను చూసి కాదు, తట్టి, కొలిచి మాట్లాడాలని మా పెద్దమేస్త్రి నేర్పాడు. కర్ణి (తాపీ) వెనుక పిడితో గోడంతా జానెడు జానెడు దూరంలో తట్టండి. గణగణమంటే గట్టి గిలాబు. డొల్ల చప్పుడు వచ్చిన చోట చాక్‌పీసుతో గీత గీయండి, అక్కడ గిలాబు ఇటుకను వదిలేసింది. ఆ ముక్కలు కొట్టేయాల్సిందే, మిగతా గోడను కొట్టనవసరం లేదు.

తర్వాత ఆరడుగుల అల్యూమినియం పట్టీని గోడకు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఆనించి, పట్టీకి గోడకు మధ్య సందు ఎంత ఉందో స్కేలుతో కొలవండి. రాత్రిపూట దీపాలు ఆర్పి, టార్చిలైటును గోడకు ఆనించినట్టుగా పక్క నుంచి వేస్తే గుంటలన్నీ నీడలుగా లేస్తాయి. సందు 2, 3 మిల్లీమీటర్లుంటే అది లప్పం పని. 10 మిల్లీమీటర్లుంటే అది సిమెంటు మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) పని. ఈ తేడా తెలియక మాలు పెట్టాల్సిన చోట లప్పం పెడితే డబ్బు గోడకు, గోడ నేలకు పోతాయి.

ఇక తెల్లపొడి. నాలుగు గోడలకూ ఒక్కొక్క చోట, పడమటి గోడకు మాత్రం రెండు చోట్ల, మూరెడు పొడవు వెడల్పు ఉన్న పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా గాలి దూరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు ముట్టుకోవద్దు. ప్లాస్టిక్‌కు గోడవైపు నీటి బొట్లుంటే చెమ్మ గోడలో నుంచి వస్తోంది. గదివైపు బొట్లుంటే గాలిలోని తేమ చల్లటి గోడకు తగిలి నీరవుతోంది. రెండింటికీ మందు ఒకటి కాదు.

గద్వాల_గృహిణి | ఏప్రిల్ 8

నా తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది. మా ముందుగదికి వాల్‌పేపర్ తీసిన తర్వాత బంక కడిగే ఓపిక లేక, గరుకు కాగితంతో పైపైన రుద్ది రెండు పూతలు లప్పం పెట్టించాం. రంగు వేసిన రోజు గోడ చాలా బాగుంది. ఏడాది తిరక్కముందే కిటికీ పక్కన చెయ్యి ఆనించగానే అప్పడంలా ఒక పలక ఊడి వచ్చింది. దాని వెనుక వైపు తడిపి చూస్తే వేళ్లకు జిగురు అంటింది. అది మేడ మీది పొడి గది. సెల్లారులో ఏడాది కూడా ఆగేది కాదేమో.

ఇంకొక మాట. కాగితం వెనుక నల్లటి బూజు మచ్చలు ఉంటే పొడిగా గీకకండి, అది దుమ్మై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో తడిపి తుడవండి. ఆ నీళ్లలో యాసిడ్‌ను గానీ బాత్రూమ్ కడిగే ద్రవాలను గానీ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. కింది గదిలో అది మరీ ప్రమాదం.

సెల్లారు_నల్లగొండ | ఏప్రిల్ 12

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చేశాను, ఫలితాలు రాస్తున్నాను.

అయోడిన్‌కు రంగు మారలేదు. చల్లటి నీళ్లతో తడిపితే బంక జారుడుగా కరిగింది, మూడు రోజుల్లో నాలుగు గోడలూ కడిగేశాం. డొల్ల చప్పుడు మూడు చోట్ల వచ్చింది. రెండు పడమటి గోడకు, ఒకటి దక్షిణం గోడకు స్విచ్‌బోర్డు కింద. పట్టీ పెట్టి కొలిస్తే పెద్ద సందు తూర్పు గోడకు 3 మిల్లీమీటర్లు, ఉత్తరానికి 4, దక్షిణానికి 5, పడమటికి 11.

ప్లాస్టిక్ సంగతే అర్థం కావడం లేదు. పడమటి గోడ మీద కింద అంటించిన కాగితానికి గోడవైపు బొట్లు కారుతున్నాయి. తూర్పు, ఉత్తరాలు పూర్తిగా పొడి. దక్షిణం గోడ మీది కాగితానికి మాత్రం గదివైపు చెమ్మ పట్టింది. ఏప్రిల్ ఎండల్లో, ఊరంతా బోర్లు ఎండిపోతున్న కాలంలో గోడలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మా పక్కింటి పెద్దాయన, నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టే గోడలు పొడి రాలుతాయంటున్నారు.

సైటు_ఇంజనీరు | ఏప్రిల్ 12

మన జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉన్న మాట నిజమే, దానివల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను మనం కళ్లారా చూశాం. అయితే గోడ మీది తెల్లపొడిని దాని ఖాతాలో రాయకండి. ఇటుకలో, సిమెంటులో, ఇసుకలో, కట్టినప్పుడు వాడిన బోరునీళ్లలో సోడియం సల్ఫేటు వంటి లవణాలుంటాయి. గోడలో నీరు నడుస్తున్నప్పుడు అవి అందులో కరిగి పైకి వస్తాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. గోడ రంధ్రాల్లో ఆ ఉప్పు స్ఫటికాలుగా పెరుగుతూ గిలాబును లోపలి నుంచి తోస్తుంది కాబట్టే పెచ్చులు లేస్తాయి. ఉప్పు ఎంతున్నా నీరు నడవకపోతే అది ఎక్కడిదక్కడే ఉంటుంది. కనుక వెతకాల్సింది నీటి దారిని.

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఊరి బోర్లు ఎండుతున్న నెలలో ఒక్క గోడే కారుతోందంటే అది భూగర్భజలం కాదు, ఇంటి నీరు. పడమటి గోడకు అవతల ఏముంది? నీళ్ల సంపు ఉందా, బాత్రూమ్ గొట్టం ఉందా, పూల మడి ఉందా?

దక్షిణం గోడ చెమ్మ వేరే కథ. ఆ గదిలో కూలరు నడుపుతున్నారా?

సెల్లారు_నల్లగొండ | ఏప్రిల్ 12

సంపు సరిగ్గా ఆ గోడకు అవతలే ఉంది, మధ్యలో రెండడుగుల మట్టి. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. కూలరు కూడా నడుపుతున్నాం, గోడలు కడిగేటప్పుడు ఉక్క భరించలేక కిందికి దించాను. దాని గాలి దక్షిణం గోడకే కొడుతుంది.

సైటు_ఇంజనీరు | ఏప్రిల్ 13

కూలరు ఇవాళే పైకి పంపండి. అది గాలిని చల్లబరిచేదే నీటిని ఆవిరి చేసి. ఆ ఆవిరి బయటికి పోయే దారి లేని సెల్లారులో చల్లటి గోడను వెతుక్కుంటుంది. ఫ్యాను చాలు. పై వెంటిలేటర్లు తెరిచి ఉంచండి. వానాకాలం మధ్యాహ్నాలు మాత్రం వాటిని మూయడమే మేలు, బయటి తడిగాలి లోపలికొచ్చి ఇదే పని చేస్తుంది.

సంపును పరీక్షించడానికి ఎవరినీ పిలవక్కర్లేదు. రాత్రి అందరూ పడుకున్నాక వచ్చే నీళ్లు, పోయే నీళ్లు రెండూ బంద్ చేసి, మట్టాన్ని కర్రతో గుర్తు పెట్టండి. తెల్లవారి మోటారు వేయకముందే మళ్లీ చూడండి. మూత ఉన్న సంపులో ఒక్క రాత్రికి ఆవిరయ్యేది లెక్కలోకి రాదు.

దేవరకొండ_పాతిల్లు | ఏప్రిల్ 13

ఈ చర్చ చదివి రాతి గోడల వారు పొరబడకూడదని ఒక మాట రాస్తున్నాను. మా తాతలనాటి ఇంటి నేలమాళిగ గుండురాయి, సున్నం, మట్టితో కట్టింది. దానికి పట్టీ ఆనించి సందులు కొలిస్తే రెండంగుళాలు కూడా వస్తుంది; దాన్ని సమం చేయాలన్న ఆలోచనే తప్పు. అటువంటి గోడకు సిమెంటు గిలాబు కొడితే చెమ్మ బయటికి రాలేక పైకి ఎక్కి, దూలాల దాకా పోతుంది. మేము సున్నపు గిలాబే పలుచగా వేయించి, సున్నం కొట్టించాం. ఏటేటా కొట్టుకోవాలి, అంతే. 2004 నాటి ఇటుక గోడకు మేస్త్రి గారు చెబుతున్నదే సరైనది.

సెల్లారు_నల్లగొండ | ఏప్రిల్ 15

రెండు రాత్రులు చూశాను. రెండుసార్లూ ఒకటిన్నర అంగుళం తగ్గింది.

సైటు_ఇంజనీరు | ఏప్రిల్ 15

40 చదరపు అడుగుల సంపులో ఒకటిన్నర అంగుళమంటే 5 ఘనపుటడుగులు, అంటే దాదాపు 140 లీటర్లు. రాత్రికి ఏడెనిమిది బిందెల నీళ్లు మీరు మట్టిలోకి పోస్తున్నారు, అందులో కొంత మీ పడమటి గోడ తాగుతోంది. మన దగ్గర పైన చలక (ఎర్రమట్టి), కింద మొరం, దాని కింద బండ ఉంటాయి. మొరంలో ఇంకిన నీరు బండ మీద నిలిచి పక్కలకు నడుస్తుంది. సెల్లారు గోడ దానికి మొదట అడ్డు తగులుతుంది.

సంపు ఖాళీ చేసి పాచి గీకించండి. చాలావరకు నేలా గోడా కలిసే మూలల్లో పగులు కనబడుతుంది. దాన్ని ఉలితో కాస్త వెడల్పు చేసి, కుంచించుకుపోని మాలుతో నింపి, మూలలను గుండ్రంగా తిప్పి, తాగునీటికి పనికివచ్చే సిమెంటు ఆధారిత వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేయించండి. డబ్బా మీద చెప్పినన్ని రోజులు ఆరనిచ్చి, కడిగి, నింపి, మళ్లీ కర్ర పరీక్ష చేయండి. మట్టం నిలిచేదాకా పడమటి గోడ ఊసెత్తకండి.

రంగులపని_మిర్యాలగూడ | ఏప్రిల్ 16

ఇంజనీరు గారు చెప్పింది కాదనను గానీ, సంపు తవ్వకాల దాకా వెళ్లకుండా లోపలి వైపే డ్యాంప్‌ప్రూఫ్ పూత రెండు చేతులు వేసి, దాని మీద లప్పం పెట్టి రంగు వేసిన ఇళ్లు నేను చాలా చేశాను. ట్యూషన్ జూన్‌లో మొదలవ్వాలి కదా.

పాలమూరు_మేస్త్రి | ఏప్రిల్ 16

చేసినవి చాలానే ఉంటాయి, మూడో వానాకాలం తర్వాత మళ్లీ వెళ్లి చూసినవి ఎన్ని ఉన్నాయి అన్నా? నీరు వెనుక నుంచి తోస్తున్నప్పుడు ముందు నుంచి అంటించిన పూత బెలూనులా ఉబ్బుతుంది. నీరు ఉన్నవైపు నుంచి వేసిన పూతనైతే ఆ నీరే గోడకు అదిమిపెడుతుంది, లోపలివైపు వేసినదాన్ని ఊడగొడుతుంది. అవతలివైపు తవ్వడానికి వీల్లేని ఇళ్లు ఉంటాయి. అక్కడ గోడ రంధ్రాల్లోనే స్ఫటికాలుగా పెరిగి మూసే రకం సిమెంటు పూతలను గిలాబు తీసి నేరుగా ఇటుక మీద వేయాలి. ఇక్కడ ఆ కర్మ లేదు, సంపు మన చేతిలో ఉంది.

రంగులపని_మిర్యాలగూడ | ఏప్రిల్ 16

ఒప్పుకుంటున్నాను. రెండు ఇళ్లవారు మళ్లీ పిలిచారు, అప్పుడు వానలను తిట్టుకుని వచ్చేశాను.

సెల్లారు_నల్లగొండ | మే 2

సంపు పని పూర్తయింది. తూర్పు మూలలో వేలు పట్టేంత పగులు దొరికింది. ఇప్పుడు మూడు రాత్రులుగా మట్టం గీత మీదే నిలిచింది. ఇక గోడలకు వస్తాను: మూడు పొడి గోడలు, ఒక తడి గోడ. దయచేసి మాలు, లప్పం ఏ చోట ఎంత మందం పెట్టాలో వివరంగా చెప్పండి. పడమటి గోడ కడుపును చదును చేయాలంటే చుట్టూ 11 మిల్లీమీటర్లు నింపాలా?

పాలమూరు_మేస్త్రి | మే 3

సంతోషం తమ్ముడూ. ముందుగా పడమటి గోడ. తెల్లపొడి గీతకు పైన ఒక అడుగు వరకు కింది గిలాబంతా ఇటుక కనబడేదాకా కొట్టేయండి. ఉప్పు నిండిన గిలాబును ఎంత కడిగినా మారదు. కొట్టిన తర్వాత ఇటుకను పొడి బ్రష్షుతో దులపండి, రాలిన పొడిని ఊడ్చి బయట పారేయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. ఫ్యాను పెట్టి కనీసం మూడు వారాలు ఆ గోడను ఆరనివ్వండి. రెండు మూడు రోజులకొకసారి కొత్తగా పొడి పూస్తే మళ్లీ పొడి బ్రష్షే.

మిగతా గోడల్లో డొల్ల ముక్కను చతురస్రంగా కోసి తీసేయండి, అంచులు వాలుగా కాకుండా నిలువుగా ఉండాలి. ఇటుకను తడిపి, ఎస్‌బీఆర్ లేటెక్సు (మాలు గోడకు గట్టిగా పట్టేలా కలిపే పాలలాంటి ద్రవం) కలిపిన సిమెంటు పాలు బ్రష్షుతో రాసి, అది ఆరకముందే 1:4 మాలు (ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక) కొట్టండి. ఇసుక జల్లెడ పట్టిన సన్నదై ఉండాలి. ముక్క చిన్నదని నీళ్లు కొట్టడం మరిచిపోతారు. వారం రోజులు తడపాలి. గుంటలు 5 మిల్లీమీటర్ల లోపలివైతే లేటెక్సు కలిపిన సన్నమాలును పలుచగా లాగి, పైన లప్పానికి ఒకటిన్నర మిల్లీమీటరు జాగా వదలండి.

ఇప్పుడు కడుపు సంగతి. చుట్టూ నింపి గోడంతా కడుపు ఎత్తుకు తేవాలన్నది మొదట అందరికీ తోచే ఆలోచన. దానివల్ల గోడ బరువెక్కుతుంది, స్విచ్‌బోర్డులు లోతుకు పోతాయి, తలుపు చౌకట్టు దగ్గర మెట్టు ఏర్పడుతుంది. ఎత్తును చెక్కడం నింపడం కన్నా తేలిక. గ్రైండరుకు రాతిచక్రం బిగించి కడుపు మీది గిలాబును నాలుగైదు మిల్లీమీటర్లు అరగదీయండి, మిగిలిన తేడాను నాలుగడుగుల దూరం దాకా సాగదీసి మెల్లగా కలిపేయండి. మా మేస్త్రీల లెక్క ఒకటుంది: కన్ను వంపును పట్టుకోదు, మెట్టును పట్టుకుంటుంది. ఆరడుగుల్లో నిదానంగా 6 మిల్లీమీటర్లు వంగిన గోడను ఎవరూ గుర్తించరు, ఒక అంగుళంలో 1 మిల్లీమీటరు తేడా ఉంటే గదిలోకి వచ్చినవాడి చూపు అక్కడికే పోతుంది. రసమట్టం పెట్టి నిలువు చూసుకోవాల్సింది బీరువా, నల్లబల్ల ఆనించే చోటనే.

గ్రైండరుతో అరగదీసేటప్పుడు లేచే ఇసుక సిమెంటు దుమ్ము చాలా చెడ్డది. తడి గోనెపట్టా తలుపుకు కట్టి, మంచి మాస్కు పెట్టుకుని, పిల్లలను పైకి పంపి చేయండి.

సైటు_ఇంజనీరు | మే 3

మేస్త్రి గారి మాటకు ఒక చేర్పు. వెలుగు ఎటు నుంచి పడుతుందో చూడకుండా గోడ నునుపు గురించి మాట్లాడలేం. సెల్లారు వెంటిలేటర్లు కప్పుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి పగటి వెలుగు పక్క గోడల మీద ఏటవాలుగా జారుతుంది, ప్రతి గుంటకూ నీడ కడుతుంది. మీరు గోడ అంచున ఎల్‌ఈడీ పట్టీ దీపాలు పెట్టించుకున్నారంటే రాత్రి కూడా అదే బాధ. దీపాన్ని కప్పు మధ్యకు మార్చండి, సగం లప్పం ఖర్చు తగ్గుతుంది.

ఆ గదిలో ఎక్కడా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌ను గానీ జిప్సం గిలాబును గానీ వాడవద్దు. చెమ్మ తగిలితే రెండూ మెత్తబడతాయి.

గద్వాల_గృహిణి | మే 4

లప్పంలో ఏది కొనాలి? దుకాణంలో డబ్బాలో ముద్దగా వచ్చేది, సంచిలో పొడిగా వచ్చేది రెండూ చూపిస్తారు.

రంగులపని_మిర్యాలగూడ | మే 4

సెల్లారుకు సంచిలో వచ్చే తెల్ల సిమెంటు లప్పమే అక్కా. డబ్బాలోని అక్రిలిక్ ముద్ద నునుపుగా వస్తుంది గానీ చెమ్మకు ఉబ్బుతుంది, అది మేడ మీది గదులకు.

నల్లగొండ సోదరా, తెల్ల సిమెంటు లప్పం ఒక పూతకు ఒకటిన్నర మిల్లీమీటరు, రెండు పూతలకు కలిపి 3 మిల్లీమీటర్లు దాటకూడదు. మొదట్లో మీకు చెప్పిన మూడు దట్టమైన పూతలు పెట్టి ఉంటే మధ్యలో పగిలేది. సుమారుగా చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు మందానికి కిలోకు పైగా పొడి పడుతుంది. మీ మూడు గోడలు కలిపి తలుపు తీసేస్తే 27 చదరపు మీటర్లు, కాబట్టి మూడు 40 కిలోల సంచులు చాలు. గుంటలు ముందే మాలుతో నిండి ఉంటే ఇంకా తక్కువే పడుతుంది. పని మొత్తంలో ముందుగా ఆలోచించినందుకు డబ్బు మిగిలేది ఇక్కడే.

గోడను కాస్త తడిపి, పొడిని నీళ్లలో పోస్తూ ముద్దలు లేకుండా కలిపి, పది నిమిషాలు ఆగి మళ్లీ కలపండి. రెండు మూడు గంటల్లో వాడగలిగినంతే కలపాలి. గట్టిపడ్డాక నీళ్లు పోసి మెత్తగా చేసిన లప్పం గోడ మీద పొడి రాలుతుంది. మొదటి పూత కింది నుంచి పైకి లాగండి. ఆరిన తర్వాత రెండోది. 120 నంబరు గరుకు కాగితంతో గీతలు తీసి, 320తో నునుపు చేయండి, పక్కన దీపం పెట్టుకుని చూస్తూ. దుమ్ము పూర్తిగా తుడవకుండా ప్రైమర్ కొడితే ఆ దుమ్మే పొరగా ఊడుతుంది.

ప్రైమర్ నీటి ఆధారితమైనది, క్షారాన్ని తట్టుకునేది ఒక చెయ్యి. కొత్త మాలు పెట్టిన ముక్కలు నాలుగు వారాలు ఆరాకే. రంగు మ్యాట్ (మెరవని) రకం ఎమల్షన్ తీసుకోండి. శాటిన్, గ్లాసీ రకాలు అద్దంలా మెరిసి, మేస్త్రి గారు కష్టపడి కలిపిన వంపులన్నిటినీ మళ్లీ చూపిస్తాయి.

ఒక హెచ్చరిక. వాల్‌పేపర్ కింద పాత ఆయిల్ పెయింటు పట్టీ కనబడితే దాన్ని పొడిగా రుద్దవద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఇల్లు 2004 నాటిది. తడిపి, తడి గరుకు కాగితంతోనే మెరుపు తీసి గరుకు చేయండి, లేకపోతే లప్పం దాని మీద పట్టదు.

సెల్లారు_నల్లగొండ | మే 27

తూర్పు, ఉత్తరం, దక్షిణం గోడలకు లప్పం పూర్తయింది. తలుపు పక్కన అడుగున్నర ఎత్తు ఆయిల్ పెయింటు పట్టీ నిజంగానే బయటపడింది, తడిపి రుద్దించాను. దక్షిణం గోడ మాలు ముక్కకు నాలుగు వారాలు నిండాక ప్రైమర్, రంగు వేస్తాం. పడమటి గోడను కొట్టి మూడు వారాలైంది. తెల్లపొడి మొదటి వారం రెండుసార్లు పూసింది, ఆ తర్వాత రాలేదు. ప్లాస్టిక్ మళ్లీ అంటించాను, రెండు రోజులకూ గోడవైపు పొడిగానే ఉంది. ఇక దానికి కూడా గిలాబు వేసి రంగు కొట్టవచ్చా?

సైటు_ఇంజనీరు | మే 27

గిలాబు వేయించండి, రంగు ఆపండి. ఎండాకాలంలో పొడిగా ఉన్న గోడ మాట నేను సగమే నమ్ముతాను. సంపు మూసుకున్నది నిజమే గానీ వానాకాలంలో మొరంలో నడిచే నీటిని ఆ గోడ ఇంకా చూడలేదు. ఒక వానాకాలం గడవనివ్వండి.

దేవరకొండ_పాతిల్లు | మే 28

రంగు ఆపి ఖాళీగా ఉంచడం దేనికి, సున్నం కొట్టించండి. కొత్త సిమెంటు గిలాబు మీద చక్కగా పడుతుంది, గోడను ఊపిరి తీసుకోనిస్తుంది, చెమ్మ ఎక్కడైనా వస్తే ఆ మచ్చను దాచదు. ఖర్చు కూడా ఎమల్షన్‌లో ఇసుమంత. దసరా తర్వాత దాన్ని బ్రష్షుతో రుద్ది తీసి లప్పం పెట్టుకోవచ్చు.

గద్వాల_గృహిణి | మే 28

సున్నం పిల్లల బట్టలకు అంటుతుంది. బెంచీలు ఆ గోడకు ఆనించకండి.

సెల్లారు_నల్లగొండ | జూన్ 21

మూడు గోడలకు మొన్ననే రంగు పూర్తయింది, లేత గోధుమ వన్నె మ్యాట్ వేశాం. రాత్రి టార్చి వేసి వెతికితే ఉత్తరం గోడ మీద ఒక చిన్న మెట్టు కనబడింది, నల్లబల్ల దాని మీదే వేలాడదీశాం. దీపం కప్పు మధ్యకు మారింది. పడమటి గోడ కడుపును 5 మిల్లీమీటర్ల దాకా అరగదీశాక, అంతా తెల్లటి సున్నంతో ఉన్నప్పుడు, చెబితే తప్ప ఎవరికీ వంపు తెలియడం లేదు. పుస్తకాల ర్యాకును ఆ గోడకు జానెడు ఎడంగా పెట్టాం, బెంచీలు తూర్పు వైపుకు జరిపాం.

పోయిన గురువారం రాత్రి ఇక్కడ మంచి వాన పడింది. గిలాబు, సున్నం అయ్యాక పడమటి గోడ అడుగున మళ్లీ అంటించిన ప్లాస్టిక్ ముక్కను ఇంకా తీయలేదు. ఈ ఉదయం చూశాను, గోడవైపు బొట్లు లేవు.

పాలమూరు_మేస్త్రి | జూన్ 21

ఇది మొదటి వానే తమ్ముడూ. ఆ ముక్కను బతుకమ్మ పండుగ దాకా అట్లనే ఉండనివ్వు.